ఉప్పొక్కటే వేసిన అంబలి

పొద్దున్నే మా ఆవిడ చోడి అంబలి, అదే రాగి అంబలి, లోటాతో తెచ్చి నా పక్కన పెడుతుంది. రాత్రంతా పులిసిన పిండి వాసన, అందులో కలిపిన మజ్జిగ, నలిపి వేసిన ఉల్లిపాయ ఘాటు, ఇవన్నీ లోటా కంటే ముందే వరండాలోకి వస్తాయి. చక్కెర జబ్బు వచ్చిన తరువాత డాక్టరు చెప్పిన ఆహారం ఇది. నాకు ఇష్టమే. లోటా తీసుకుంటాను, పెదవుల దాకా తెస్తాను, అక్కడ నా చెయ్యి ఆగిపోతుంది. ఒక్క క్షణమే. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటుంది. "తాగండి, అందులో ఏటీ కలపలేదు" అంటుంది. ఇద్దరం నవ్వుకుంటాం. తరువాత తాగుతాను.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి దినచర్య రాసే అలవాటు నాది. వాన పడిందా లేదా, ఎవరు వచ్చి వెళ్లారు, ఏ పని మిగిలిపోయింది, ఇలాంటివే రాస్తాను. పెద్ద విషయాలేమీ ఉండవు. అయినా ఏ రోజూ వదిలిపెట్టలేదు. ఒక్క పేజీలో మాత్రం పైన తేదీ ఉంది, కింద అంతా తెల్లగా ఉంది. ఆ రోజు విజయనగరం ఆస్పత్రి నుంచి తిరిగివచ్చి, కలం మూత తీసి, చాలాసేపు కూర్చుని, మళ్లీ మూత పెట్టేశాను. చూసినదాన్ని ఏ మాటతో మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. ఇప్పుడు కూడా పూర్తిగా తెలిసిందని అనను. అయినా ఆ పేజీలో ఉండవలసిన మనిషి గురించి రాయకుండా పోవడం నాకు ఇష్టం లేదు.

ఆమె పేరు రూతమ్మ. చీపురుపల్లిలో మా శాఖా గ్రంథాలయానికి అధికారిణి. నేను ఆమె కింద సహాయకుడిగా చేరాను. చేరిన రోజు ఆమె బీరువాల మధ్య నుంచి నా వైపు నడిచి రావడం చూసి, పాపం పక్షవాతం వచ్చి తగ్గిన మనిషి కాబోలు అనుకున్నాను. అడుగులు చిన్నవి. నడుస్తుంటే చేతులు ఊగేవి కావు, పక్కలకి అతికించినట్టు ఉండేవి. బొటనవేలు చూపుడువేలి మీద ఎప్పుడూ ఏదో గింజను నలుపుతున్నట్టు కదులుతుండేది. ముఖంలో నవ్వూ కనిపించేది కాదు, కోపమూ కనిపించేది కాదు. కాని నోరు విప్పితే మాట మాత్రం సూటిగా, ఒక్కోసారి వ్యంగ్యంగా వచ్చేది. ఆ కదలని ముఖంలోంచి ఆ మాటలు రావడం మొదట్లో నాకు వింతగా ఉండేది.

మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం, పాఠకులెవరూ లేని సమయంలో, నన్ను కూర్చోమన్నారు.

"నాయుడు గారూ, ఊళ్లో ఎవరో ఒకరు మీ చెవిలో వేస్తారు. ఆళ్లు వేసేలోగా నేనే చెప్తే మంచిది. నాకు మనసు జబ్బుంది. స్కిజోఫ్రీనియా అంటారు. మనూళ్లో పిచ్చంటారు."

పై అధికారి నోట అలాంటి మాట వింటానని ఊహించలేదు. ఏదో ఒకటి అనాలి కనుక, "ఇప్పుడు తగ్గిపోయింది కదండీ" అన్నాను.

"తగ్గలేదు, అణిగి ఉన్నాది. మాత్రలు వేసుకుంటున్నాను. వేసుకుంటూనే ఉండాలి. మీరొక పని చెయ్యాలి. నేను ఎదురుగా లేని మనిషికి జవాబు చెప్తుంటే, రేడియో నన్నే తిడతన్నాదని అంటే, మీరు మా అన్నయ్య దగ్గరికి పోకండి, పక్క షాపాయనతో గుసగుసలాడకండి. నా ఎదురుకొచ్చి నాకే చెప్పండి."

"మీకు కోపం వస్తే?"

"వస్తాది. అయినా చెప్పండి."

ఆ తరువాత లేచి పత్రికలు సర్దుకోవడానికి వెళ్లిపోయారు. జబ్బును అలా ఉద్యోగ బాధ్యతల్లో ఒకటిగా అప్పగించిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తరువాతా చూడలేదు.

ఆమె కథ నాకు విడతలు విడతలుగా తెలిసింది. వాళ్లది పాత బాప్టిస్టు కుటుంబం. తాతగారి కాలం నుంచి ఇంట్లో చదువుంది. ఆదివారాలు గుడిలో పీఠం దగ్గర నిలబడి వాక్యం చదివే పని ఈమెకు చిన్నప్పుడే అప్పగించారట. విజయనగరంలో డిగ్రీ చదువుతుండగా గొంతులు వినిపించడం మొదలైంది. పక్క గదిలో ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నట్టు, తరువాత గది అవసరం కూడా లేకుండా చెవి పక్కనే తిడుతున్నట్టు. రామతీర్థం కొండ కొసకు ఎక్కితే క్షమిస్తామని అవి చెప్పాయట. చెప్పులు లేకుండా నడుచుకుంటూ వెళ్లారు. అన్నయ్య, వదిన వెతుక్కుంటూ వెళ్లి కొండ మీద పట్టుకునేసరికి రాతి అంచున నిలబడి ఉన్నారు.

"మా వదిన నా జడ పట్టుకుని వెనక్కి లాగింది. ఆ రోజు జడ లేకపోతే నేను లేను. అప్పట్నుంచి ఆవిడ నన్ను నమ్మదు, నా జడనే నమ్ముతాది" అనేవారు రూతమ్మ గారు. అంత పెద్ద జడ ఎందుకు మేడమ్, కత్తిరించుకోకూడదా అని ఒక పాఠకురాలు అడిగినప్పుడు చెప్పిన మాట అది.

ఆ వదిన పేరు ఎస్తేరమ్మ. అన్నయ్య పొలం పనుల మనిషి, ఎక్కువగా కనిపించేవాడు కాదు. ఎస్తేరమ్మ గారు మాత్రం రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని గ్రంథాలయానికి వచ్చేది. సన్నటి మనిషి, గట్టి గొంతు. గుమ్మంలోంచే "నాయుడు బాబూ, మీ మేడమ్ తింతన్నాదా, పిల్లికి పెడతన్నాదా" అని అరిచేది. "గ్రంథాలయం వదినా, మెల్లగా మాటాడు" అని రూతమ్మ గారంటే, "పుస్తకాలకి సెవులుంటాయేటే" అనేది. పెళ్లి కాని ఆడపడుచును తన పిల్లలతో సమానంగా సాకింది. పొద్దున్న అంబలి లోటా ఖాళీ అయ్యేదాకా గుమ్మం దాటనిచ్చేది కాదట. "బోర్లించి చూపించాలి, చిన్నపిల్లకి లాగ" అని రూతమ్మ గారు నాతో చెప్పి, కదలని ముఖంతోనే కళ్లు చిట్లించేవారు. అది ఆమె నవ్వు అని నేను అప్పటికి నేర్చుకున్నాను.

మా గ్రంథాలయంలో ఒక పద్ధతి ఉండేది. నేను తరువాత పనిచేసిన ఏ ఊళ్లోనూ లేదు. పుస్తకం తిరిగి ఇచ్చేవాళ్లు అందులో కథేమిటో రూతమ్మ గారికి చెప్పాలి. చెప్పకపోతే కొత్త పుస్తకం ఇచ్చేవారు కాదు. ఎవరైనా మధ్యలో ఆపితే "ఆఖరికేటైంది?" అని అడిగేవారు. అలా అడిగేటప్పుడు బల్ల మీదికి కొంచెం వంగేవారు.

ఆటో నడిపే సింహాచలానికి అపరాధ పరిశోధన నవలలంటే ప్రాణం. ఒకసారి అతను పుస్తకం బల్ల మీద పెట్టి, "బాగున్నాది మేడమ్, ఇంకోటి ఇవ్వండి" అన్నాడు.

"కథ?"

"జమీందారుని ఎవులో సంపేసినారు. పోలీసులొచ్చినారు. మంచి ఫైటింగు."

"ఎవులు చంపేరు?"

సింహాచలం తల గోక్కున్నాడు. "మరదేటంటే మేడమ్, మా ఆవిడ ఆ ఆకరు పేజీల్లో పకోడీలు సుట్టీసినాది."

"ఎల్లు. పకోడీలు తిన్నోళ్లని అడిగి రా."

గది అంతా నవ్వింది. సింహాచలం బయటికి వెళ్తూ "బళ్లో మేష్టారే నయం రా బాబూ" అని గొణిగాడు. కాని మూడో నాడు వచ్చాడు. అదే నవల తన దోస్తు దగ్గర సంపాదించి, ముగింపు చదివి, నిలబడి పూసగుచ్చినట్టు చెప్పాడు. రూతమ్మ గారు ఒక్క మాట అడ్డు రాకుండా విన్నారు. ఊరంతా ఆ పద్ధతిని మెచ్చుకునేది. జనం చేత నిజంగా చదివించడానికి ఆవిడ పెట్టిన పరీక్ష అని హైస్కూలు హెడ్మాస్టరు గారు సభలో కూడా అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. గ్రంథాలయంలో ఉన్న ప్రతి పుస్తకంలో ఏముందో ఆమెకు తెలుసు. అంత చదివిన మనిషి ఈ చుట్టుపక్కల ఉండరని నేను మా బంధువులకు గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

ఒక వానాకాలపు సాయంత్రం కొత్త పుస్తకాల కట్టలు వచ్చాయి. విప్పి ముద్రలు వేస్తున్నాం. ఒక నవల అట్ట నచ్చి, "ఇది మీరు చదివారా మేడమ్, బాగుంటుందా" అని అడిగాను.

"తెలీదు. ఎవరైనా చదివొచ్చి చెప్తే గాని తెలీదు."

"మీరు చదువుతారు కదా."

ఆమె ముద్ర పక్కన పెట్టారు. "నాయుడు గారూ, నేను పుస్తకం చదివి చాలా ఏళ్లయింది. ఈ ఉద్యోగంలోకి వచ్చేక ఒక్కటీ చదవలేదు. అక్షరాలు కనిపిస్తాయి. వాక్యం కూడా అందుతాది. పేజీ అడుగుకి వచ్చేసరికి పైన ఏముందో పోతాది. మళ్లీ పైకెళ్తాను. మళ్లీ పోతాది. తల లోపల తడిగుడ్డ చుట్టినట్టుంటాది."

నా చేతిలో ఉన్న పుస్తకాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు.

"మరి ఇన్ని కథలు..."

"అందరూ చెప్పి వెళ్తున్నారు కదా" అన్నారు.

అప్పుడు నాకు అర్థమైంది. పరీక్ష కాదు. ఊరంతా వరుసగా నిలబడి, తనకు తెలియకుండానే, ఆమెకు పుస్తకాలు చదివి వినిపిస్తోంది. ముగింపు కోసం ఆమె బల్ల మీదికి వంగడం అధికారం కాదు, ఆకలి. "గొంతులు పోయాయి కద మేడమ్, అదైనా..." అన్నాను.

"పోయాయి. మంచిదే. కాని దొంగని తరమడానికి వచ్చినోళ్లు సామాను కూడా పట్టుకుపోతే ఇల్లు బాగుపడినట్టా?" అని, మళ్లీ ముద్ర అందుకున్నారు.

ఆ తరువాత ఒకసారి, వరి ఊడుపుల రోజుల్లో ఇంట్లో ఎవరికీ తీరిక లేకపోతే, విజయనగరం ఆస్పత్రికి ఆమెకు తోడు నేను వెళ్లాను. డాక్టరు గారు నన్ను చూసి అడిగారు. గొడవ చేస్తోందా? నిద్రపోతోందా? తింటోందా? నేను అవును, కాదు అన్నాను. పాత మాత్రలే కొనసాగించమని రాశారు. రూతమ్మ గారు మా ఇద్దరి మధ్య కూర్చునే ఉన్నారు. బయటికి వచ్చాక, "పశువుల డాక్టరు కూడా ఆవు మొహం చూస్తాడు నాయుడు గారూ" అన్నారు.

మరికొంత కాలానికి అక్కడికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. పలాస వైపు అమ్మాయి. ఆసారి కూడా రూతమ్మ గారికి తోడు నేనే. మేము గదిలోకి వెళ్లగానే తన కుర్చీని రూతమ్మ గారి వైపు తిప్పుకుని, "అమ్మా, మాత్రల వల్ల మీకు ఏం మిగిలింది, ఏం పోయింది?" అని అడిగింది.

రూతమ్మ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఎవరూ అడగని ప్రశ్న కదా. "ప్రాణం మిగిలింది. చదువు పోయింది" అన్నారు.

"చదువుకునేంత తెరిపి తెచ్చుకోవడానికి చూద్దాం. మాత్రలు ఆపడం మాత్రం కాదు. మోతాదు మెల్లగా దించుదాం. గొంతులు మళ్లీ వస్తే దాచకుండా చెప్పాలి."

"చెప్తాను."

మెల్లగా దించారు. నెలలు గడిచాయి. మార్పు రాలేదు. అవే చిన్న అడుగులు, అదే గింజ నలపడం. పుస్తకాలకు కుట్లు వేసేటప్పుడు సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చేవాణ్ణి. డాక్టరమ్మ ప్రతిసారీ ఆమె మోచేతిని వంచి చాపి చూసి, "ఇంత తక్కువ మోతాదుకి ఇంత బిగుసుకుపోకూడదే" అనుకునేది.

అంతలో శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. విశాఖపట్నంలో నెల రోజుల శిక్షణ, హాస్టల్లో బస. ఎస్తేరమ్మ గారు ఒప్పుకోలేదు. గ్రంథాలయానికి వచ్చి నాతో తగువు పెట్టుకుంది. "అక్కడ దీన్ని ఎవులు సూస్తారు బాబూ? ఏటైనా అయితే?" రూతమ్మ గారు మాత్రల డబ్బా చూపించి, "నేనే వేసుకుంటాను వదినా. ఇన్నాళ్లూ వేసుకోలేదేటి" అన్నారు. వెళ్లారు.

నెల తరువాత ఆమె తిరిగివచ్చే రోజు, శిక్షణలో ఇచ్చిన పుస్తకాల పెట్టె ఉందని తెలిసి నేను స్టేషనుకు వెళ్లాను. ప్యాసింజరు ఆగింది. దిగినవాళ్లలో ఆమె కోసం వెతుకుతున్నాను. ఒక ఆవిడ చేతులు ఊపుకుంటూ గబగబా నా వైపు నడిచి వస్తోంది. ఎవరో అనుకుని పక్కకు తప్పుకున్నాను.

"ఏటి నాయుడు గారూ, అలా చూస్తారు" అని నవ్వింది ఆవిడ. పళ్లు కనిపించాయి.

రూతమ్మ గారి పళ్లు నేను చూడడం అదే మొదటిసారి. ఆమె ప్లాట్‌ఫారం బల్ల మీద నన్ను కూర్చోబెట్టి, ఒక చిన్న కథ, నాలుగైదు పేజీలది, మొదటి నుంచి చివరిదాకా తాను చదివిందని చెప్పారు. కథ కూడా చెప్పారు. ఆఖరికి వచ్చేసరికి కళ్లు తుడుచుకున్నారు. "ఏడుపు కూడా వచ్చింది చూడండి" అన్నారు, అదేదో బహుమతి దొరికినట్టు.

ఆ సంతోషం నెల తిరగకుండానే పోయింది. మొదట అడుగులు చిన్నవయ్యాయి. తరువాత చేతులు పక్కలకి అతుక్కున్నాయి. కొత్తగా మొదలుపెట్టిన నవల ఆమె బల్ల సొరుగులో అదే పేజీ దగ్గర ఉండిపోయింది. ఆమె నా కళ్ల ముందే లోపలికి వెళ్లిపోతున్నారు, నేను చూస్తున్నాను. చెరువులో మునిగే మనిషిని గట్టు మీంచి చూడడం లాగ ఉండేది. ఊరి గాలి పడలేదని ఒకరన్నారు. దిష్టి తీయించమని ఒకరన్నారు.

ఒకరోజు తాళం వేస్తుండగా ఆమె నాతో అన్నారు: "అక్కడ ఇవే మాత్రలు వేసుకుంటే మనిషిలా ఉన్నాను. ఇక్కడ ఇవే వేసుకుంటే ఇలాగ. అంటే ఈ మాత్రల్లో ఏమీ లేదు. మానేస్తాను."

జడ పట్టుకుని లాగిన కొండ అంచు గుర్తుకొచ్చింది. "మీరే కదా మేడమ్ నాకు పని అప్పగించారు, ఎదురుగా చెప్పమని. చెప్తున్నాను. ముందు డాక్టరమ్మకి చెప్పండి, తరువాత మానండి."

తాళం చెవి సంచిలో వేసుకున్నారు. "కోపం వస్తోంది" అన్నారు. "సరే, పదండి."

ఇంట్లోవాళ్లు కూడా రావాలని డాక్టరమ్మ కబురు పెట్టింది. ఎస్తేరమ్మ గారు, రూతమ్మ గారు, నేను వెళ్లాం. డాక్టరమ్మ విశాఖ సంగతి శ్రద్ధగా విన్నది. మాత్రల అట్టలు తెప్పించి చూసింది. తరువాత ఎవరూ అనుకోని ప్రశ్న వేసింది.

"విశాఖలో ఏం తినేవారు?"

"హాస్టల్లో ఏం పెడితే అది. ఇడ్లీ, ఉప్మా."

"ఇంట్లో?"

"పొద్దున్న అంబలి. మధ్యాహ్నం వదిన క్యారేజీ."

డాక్టరమ్మ ఎస్తేరమ్మ గారి వైపు తిరిగింది. "అమ్మా, ఏదైనా నాటుమందు పెడుతున్నారా? కోప్పడను. చెప్పండి."

అంత గట్టి గొంతు మనిషి ఎస్తేరమ్మ గారు తల దించుకుంది. పైన పంకా తిరుగుతోంది. "నాటుమందు కాదమ్మా" అంది. "ఆసుపత్రి మందే, దీని జబ్బుకే." బొడ్డుసంచి విప్పి, చేతిరుమాల్లో చుట్టిన ఒక చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది. చుక్కలు వేసే మూత ఉన్న సీసా.

డాక్టరమ్మ దాని మీద పేరు చదివి, కళ్లు మూసుకుని తెరిచింది. "ఇది ఎవరిచ్చారు?"

"మొదట్లో మా రూతమ్మ మందు నోట్లో ఎట్టుకునేది కాదు. ఊసీసేది. అప్పుడున్న డాక్టరుబాబు రాసిచ్చినాడు. రంగుండదు, రుచుండదు, కూట్లో కలిపీమన్నాడు. అంబల్లో కలిపినాను. మంచిగయింది."

"తరువాత ఈవిడ మాత్రలు తనంతట తాను వేసుకుంటున్నారు కదమ్మా. అప్పుడు ఆపలేదా?"

"ఆపమని ఎవులూ సెప్పలేదు. మందుల షాపోడు నన్నెరుగును, అడిగితే ఇచ్చీసేవోడు." సీసా వైపు చూడకుండా అంది. "ఆపితే మళ్లీ కొండెక్కీస్తాదేమోనని నాకు భయం. రాత్రి కళ్లు మూస్తే ఆ జడే కనిపిస్తాదమ్మా, సేతిలోంచి జారిపోతన్నట్టు."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఒక మనిషి తన జీవితంలో సగభాగం ఒక పేజీ దాటలేకపోయింది. జబ్బు వల్ల కాదు. ఆమెను ప్రాణంగా చూసుకునే చేయి ప్రతి ఉదయం, ప్రేమతోనే, లోటాలో వేసిన చుక్కల వల్ల. లోటా బోర్లించి చూపించమనడం ఎందుకో అప్పుడు తెలిసింది. నాకు ఎస్తేరమ్మ గారి మీద కోపం కూడా రాలేదు. కోపం పెట్టుకోవడానికి చోటు దొరకలేదు. మొదట్లో ఆ చుక్కలే లేకపోతే ఈ మనిషి బతికి ఉండేదో లేదో ఎవరు చెప్పగలరు?

రూతమ్మ గారు సీసా చేతిలోకి తీసుకున్నారు. కిటికీ వెలుగుకు ఎత్తి చూశారు.

"నిజమే. రంగు లేదు" అన్నారు.

తరువాత వదిన వైపు తిరిగి, "కొండ మీద నా జడ పట్టుకున్నావు వదినా. ఇంకా వదల్లేదు నువ్వు" అన్నారు.

అంతే. అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని నాకు అనిపించింది. ఆ బిగుసుకున్న ముఖంలో ఏ భావం ఉందో చూడడానికి కూడా వీలు లేదు, ఆ చుక్కలు దాన్ని కూడా మూసేశాయి. డాక్టరమ్మ మాత్రలు తప్పనిసరిగా కొనసాగించాలని, చుక్కలు ఎలా తగ్గించి మానాలో రాసి, ఆ కాగితం ఎస్తేరమ్మ గారికి కాక రూతమ్మ గారికి ఇచ్చింది.

బస్సు కోసం నిలబడ్డాం. ఎస్తేరమ్మ గారు కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "రేపట్నుంచి నీ అంబలి నువ్వే కాసుకో. నా సేతిది ఇంకేటి తాగుతావు" అంది.

"నాకు కాయడం రాదు. నువ్వే కాయి" అన్నారు రూతమ్మ గారు. "చుక్కలు డాక్టరమ్మ రాసినట్టు నేనే లెక్కపెట్టి వేసుకుంటాను, అవి అయ్యేదాకా. నువ్వు మట్టుకు ఉప్పొక్కటే ఎయ్యి."

ఆ రాత్రే నా దినచర్యలో ఆ తెల్ల పేజీ మిగిలింది.

చుక్కలు పూర్తిగా మానేసిన తరువాత ఒక ఆదివారం పొద్దున్న వాళ్లింటికి వెళ్లాను. ఎస్తేరమ్మ గారు రెండు లోటాలు తెచ్చింది, ఒకటి ఆడపడుచుకు, ఒకటి నాకు. రూతమ్మ గారు ఆమె చేతిలోంచి అందుకుని, ఆగకుండా, ఒక్క గుక్కలో సగం తాగేశారు. ఆగింది నా చెయ్యి. పెదవుల దగ్గర, తెలియకుండానే. ఎస్తేరమ్మ గారు చూసింది. "తాగు బాబూ, అందులో ఏటీ కలపలేదు" అంది మెల్లగా. సిగ్గుతో చచ్చినంత పనైంది నాకు. రూతమ్మ గారు లోటా మీదుగా మమ్మల్నిద్దర్నీ చూసి, పొలమారేదాకా నవ్వారు. ఆ తరువాత వదినా నవ్వింది, ఏడుస్తూనే.

ఆమెకు జబ్బు నయమైపోయిందని రాస్తే అబద్ధం. ఒక వేసవిలో గొంతులు గట్టిగా వచ్చాయి. గ్రంథాలయంలో ఆమె పత్రికలన్నీ బోర్లా తిప్పి పెట్టడం చూసి, ఎదురుగా వెళ్లి చెప్పాను. కోపం వచ్చింది ఆమెకు. నన్ను బయటికి పొమ్మన్నారు. సాయంత్రానికి తానే వచ్చి, "పదండి, ఆస్పత్రికి" అన్నారు. మాత్ర కొంచెం పెంచారు. ఆ తరువాత ఒక్క గొంతు మాత్రం పూర్తిగా పోలేదు. "తిట్టదు. అప్పుడప్పుడు పేరు పెట్టి పిలుస్తాది, అంతే. దాన్ని కూడా తరమాలంటే మళ్లీ చదువు పోతాది. ఉండనివ్వండి" అని ఆమే డాక్టరమ్మతో బేరం కుదుర్చుకున్నారు. రోగి అలా బేరం చేయవచ్చునని నాకు అప్పుడే తెలిసింది.

ఒక మధ్యాహ్నం, బల్ల వెనక తన కుర్చీలోంచి లేచి, ఇటు వైపు వచ్చి, పాఠకులు నిలబడే చోట నిలబడ్డారు. సొరుగులో ఆగిపోయిన ఆ నవల నా ముందు పెట్టారు.

"తిరిగి ఇచ్చేస్తున్నాను. అడగండి" అన్నారు.

బెంచీ మీద సింహాచలం కూడా ఉన్నాడు. నేను ఆమె కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని అడిగాను. "కథ?"

చెప్పడం మొదలుపెట్టారు. చేతులు కదులుతున్నాయి. ముఖం కదులుతోంది. ఎవరెవరు ఏమయ్యారో, ఎక్కడ తనకు కోపం వచ్చిందో అన్నీ చెబుతూ, ముగింపు దగ్గరికి వచ్చి కావాలనే ఆగారు. సింహాచలం ఉండబట్టలేక బెంచీ మీంచి లేచి, "ఆకరికేటైంది మేడమ్?" అన్నాడు.

"ఎల్లు. పకోడీలు తిన్నోళ్లని అడుగు" అన్నారు రూతమ్మ గారు. తరువాత చెప్పారు.

ఆమె పదవీ విరమణ చేసిన కొన్నేళ్లకు గుండె జబ్బుతో పోయారు. చివరి ఏళ్లలో ఆదివారాలు మళ్లీ గుడిలో వాక్యం చదివారు. ముందు వరుసలో ఎస్తేరమ్మ గారు కూర్చుని, పేజీ ఆఖరి దాకా వస్తుందా లేదా అని ఊపిరి బిగపట్టి చూసేదట. ఆ ముసలామె ఇప్పటికీ ఉంది.

పోయిన వారం మా వీధిలో ఉన్న ఒక తల్లి ఇంటికి వచ్చింది. ఆమె కూతురికి కూడా మనసు జబ్బు. మందు వేసుకోదు. మజ్జిగలో కలపవచ్చునని ఎవరో చెప్పారట, మీరేమంటారు నాయుడు గారూ అని అడిగింది. నేను డాక్టర్ని కాను. కలపమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ అమ్మాయి కొండ అంచున ఉందో లేదో నాకు తెలియదు. డాక్టరును అడగమన్నాను, ఎప్పటిదాకా అని కూడా అడగమన్నాను, ఆ అమ్మాయికి ఎప్పుడు చెప్పాలో అడగమన్నాను. తరువాత నేనే వాళ్లింటికి వెళ్లి, ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని, గొడవ చేస్తున్నావా, నిద్రపోతున్నావా అని కాకుండా, "నీకేం చెయ్యాలనుందమ్మా" అని అడిగాను. కుట్టు మిషను మళ్లీ తొక్కాలనుందని చెప్పింది. తల్లి ఆ మాట మొదటిసారి విన్నట్టు కూతురి ముఖంలోకి చూసింది.

ఇంటికి వచ్చేసరికి వరండాలో అంబలి లోటా చల్లారి ఉంది. అందుకున్నాను. చెయ్యి అలవాటుగా ఆగింది. మా ఆవిడ గుమ్మంలోంచి ఏదో అనబోయి, నా ముఖం చూసి అనలేదు. ఆఖరి చుక్క దాకా తాగి, ఎవరూ అడగకుండానే, లోటా బోర్లించాను.